జబాన్ తెచ్చిన తంటా

కార్నర్‌షాప్. అంటే గల్లీ మూలన ఉండే కిరాణా దుకాన్. ఇంగ్లండ్‌లో ఈ మాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది కౌంటర్ వెనక నిలబడ్డ దేసీ మనిషి. ఇండియా నుంచో పాకిస్తాన్ నుంచో పోయి, పొద్దున్నుంచి రాత్రిదాకా పాలు, పేపర్లు అమ్ముకునేవాడు. ‘మీరంతా దుకాన్‌వాలాలే కదా’ అనే తానా ఆ మాటలోనే ఉంది. 1991లో లెస్టర్ నగరంలో కొందరు కుర్రాళ్లు రాక్ బ్యాండ్ పెట్టుకుని, ఆ తానానే తమ పేరుగా తగిలించుకున్నారు.

నాకు ఈ బ్యాండ్ పరిచయమైంది చాలామందికి లాగే ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’ పాటతో. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్న రోజులవి. ఇంగ్లిష్ పాటలో ఆశా భోంస్లే పేరు, మహమ్మద్ రఫీ పేరు! రఫీ సాబ్ ఆవాజ్ లేకుండా మా ఇంట్లో చాయ్ కూడా మరిగేది కాదు. అట్లాంటి పేర్లు లండన్ రేడియోలో మోగడం చూసి మస్తు ఖుషీ అయ్యాను. ఆ పాట 1997లో మొదట వచ్చినప్పుడు అంతగా నడవలేదు. నార్మన్ కుక్ వేగం పెంచి రీమిక్స్ చేశాక, 1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

అందరూ తారీఫ్ చేసేది ఆ పాటనే. నాకు మాత్రం తర్వాతెప్పుడో విన్న వాళ్ల తొలి ఆల్బమ్ మీదే దిల్ నిలిచింది. ‘హోల్డ్ ఆన్ ఇట్ హర్ట్స్’, 1994.

పాటలు రాసి పాడే టిజిందర్ సింగ్ పంజాబీ సిక్కుల బిడ్డ. పుట్టింది వుల్వర్‌హాంప్టన్‌లో. 1968లో వలస వచ్చినవాళ్ల మీద విషం కక్కిన ఇనాక్ పావెల్ అప్పట్లో ఎంపీగా ఉన్నది ఆ ఊరి నుంచే. అట్లాంటి చోట పెరిగిన పిల్లవాడికి గుస్సా ఎక్కణ్ణుంచో అరువు తెచ్చుకోవలసిన పని లేదు. 1992లో మారిసీ అనే పెద్ద గాయకుడు లండన్ కచేరీలో బ్రిటన్ జెండా కప్పుకుని ఆడాడు. అప్పట్లో ఆ జెండాను నల్లవాళ్లను, దేసీలను తరిమేద్దామనే ముఠాలూ వాడుకునేవి. అంతకు ముందే బెంగాలీల మీద అతను రాసిన పాటకు చాలామంది నొచ్చుకుని ఉన్నారు. కార్నర్‌షాప్ వాళ్లు పోయి, అతని రికార్డు కంపెనీ ఈఎంఐ ఆఫీసు ముందు అతని బొమ్మ తగలబెట్టారు. మరుసటి ఏడాది తమ మొదటి చిన్న రికార్డును కూర రంగు ప్లాస్టిక్ మీద అచ్చు వేయించారు. మజాక్ చేసేవాళ్లకు వాళ్ల మజాక్‌నే వడ్డించారన్న మాట.

తొలి ఆల్బమ్ నిండా శోర్. గిటార్లు గరగరమంటాయి, మధ్యలో సితార్ దూరుతుంది. వాయించడంలో నునుపు లేదు, రియాజ్ తక్కువేనని తెలిసిపోతుంది. ఒక పాట పేరు ‘తేరా మేరా ప్యార్’. మరొక పాట పేరు ఇంగ్లిష్‌లో ఉంది. దాని అర్థం: నా జబాన్ నన్ను తంటాలో పడేస్తుందని నువ్వెప్పుడూ అనేవాడివి.

ఆ పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరినప్పుడు, మహల్లాలో ‘మన జబాన్ వదిలేసి అదెందుకు’ అన్నారు. క్లాసులో ‘సాయిబువి, నీకు తెలుగు ఎట్లా వచ్చింది’ అన్నారు. ఇద్దరికీ జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయి, ముందు తెలుగు తలఫ్ఫుజ్ సాఫ్ చేసుకుని ఆ తర్వాతే నోరు విప్పాలని అనుకునేవాళ్లం మాలో చాలామందిమి. ఇజ్జత్ దక్కాలంటే ముందు ఎదుటివాడి లెక్కలో పాస్ కావాలన్న భయం అది.

కార్నర్‌షాప్ వాళ్లు ఆ ఇమ్తెహాన్ రాయలేదు. వచ్చినంతలోనే స్టేజీ ఎక్కారు, అందరి ముందే నేర్చుకున్నారు. 1995లో రెండో ఆల్బమ్‌ను పూర్తి పంజాబీ పాటతోనే మొదలుపెట్టారు. 1997 ఆల్బమ్‌లో బీటిల్స్ వాళ్ల ‘నార్వేజియన్ వుడ్’ను పంజాబీలో పాడారు. 1965లో జార్జ్ హారిసన్ సితార్ వాయించిన పాట అది. మన సాజ్‌ను వాళ్లు తీసుకుపోతే, వాళ్ల పాటను వీళ్లు ఇంటి జబాన్‌లోకి తెచ్చుకున్నారు. ఎవరినీ ఇజాజత్ అడగలేదు.

ఆశా పాటలో ఉన్న ఆ సుకూన్ ఊరికే వచ్చింది కాదు. ముందు ఆ గుస్సా, ఆ శోర్ బయటికి రావలసి వచ్చింది. అందుకే నంబర్ వన్ పాట విని ఖుషీ అయ్యే పిల్లలకు ఈ తొలి ఆల్బమ్ కూడా వినిపించండి. మొదట్లో చెవులు మూసుకుంటారు. ఆ జబాన్ పాట పేరుకు అర్థం మాత్రం చెప్పండి. మన ఇళ్లలో పిల్లలకు దాన్ని వేరే విడమర్చనక్కర్లేదు.