సెకనుకు 24 బొమ్మలు

సినిమాలో నిజంగా కదిలేది ఏదీ లేదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు మన కళ్ల ముందు నుంచి వెళ్లిపోతాయి. కదలికను కల్పించుకునేది మన మెదడు. 1920ల చివర సినిమాకు మాట వచ్చినప్పుడు, ధ్వని చెడకుండా ఉండాలంటే ఫిల్ము ఒకే వేగంతో నడవాలని ఈ 24ను ఖాయం చేశారు. అంతకు మించితే ఫిల్ము ఖర్చు, తగ్గితే పాట పాడవుతుంది. నిర్మాతకూ శబ్దం పట్టేవాడికీ మధ్య కుదిరిన బేరం అది. మన 'మాయాబజార్' (1957) కూడా ఆ బేరం మీద తీసిందే.

అయితే థియేటరులో తెర సెకనుకు 24 సార్లే వెలిగితే కళ్లు అదిరిపోయేవి. అందుకని ప్రొజెక్టరులో తిరిగే రెక్క ఒక్కో బొమ్మను రెండుసార్లో మూడుసార్లో వెలిగించి ఆర్పేది. బొమ్మలు 24, వెలుగులు 48 లేదా 72. ఈ తేడా పట్టుకుంటే టీవీ దుకాణంలో చెప్పే 'రిఫ్రెష్ రేటు' సగం బోధపడినట్టే. బొమ్మలెన్ని అన్నది సినిమా సంగతి. తెర సెకనుకు ఎన్నిసార్లు తనను తాను తిరగరాసుకుంటుందన్నది టీవీ సంగతి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, జీతం నెలకు ఒకసారే పడుతుంది. పాసుబుక్కు రోజుకు పదిసార్లు అచ్చు వేయించినంత మాత్రాన జీతం పదింతలు కాదు.

చిక్కల్లా భాగహారంలో వచ్చింది. ఇప్పటి మామూలు టీవీ తెర సెకనుకు 60 సార్లు తిరగరాసుకుంటుంది, అంటే 60 హెర్ట్జ్. 60ని 24తో భాగిస్తే రెండున్నర. ఒక బొమ్మను రెండున్నర సార్లు చూపడం ఎవరి తరమూ కాదు గనక, ఒక బొమ్మను మూడుసార్లు, తరవాతిదాన్ని రెండుసార్లు చూపిస్తారు. పన్నెండు మూళ్లు 36, పన్నెండు రెళ్లు 24, మొత్తం 60. పద్దు సరిపోయింది గాని నడక కుంటింది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు గోడలూ చెట్లూ తడబడుతున్నట్టు కనిపించేది అందుకే. అదే 120 హెర్ట్జ్ తెర అయితే 24కూ 30కీ 60కీ కూడా నిశ్శేషంగా సరిపోతుంది. ఆరో తరగతిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న క.సా.గు. ఇన్నేళ్లకు డ్రాయింగు రూములో పనికొచ్చింది.

దుకాణంలో డబ్బా మీద రాసిన అంకెను మాత్రం నమ్మకండి. 60 హెర్ట్జ్ తెరనే 'మోషన్' అనో మరొకటో తోక తగిలించి 120 అనీ 200 అనీ అమ్ముతారు. మాకిది కొత్త విద్య కాదు. నూటికి 10 ఫ్లాటు వడ్డీ అని చెప్పి ఇచ్చిన మూడేళ్ల వాయిదాల అప్పును, తగ్గుతున్న బాకీ మీద లెక్క కట్టి చూడండి, ఇంచుమించు 18 పడుతుంది. అక్కడ అంకెను తగ్గించి చూపుతారు, ఇక్కడ పెంచి చూపుతారు. 'ప్యానెలు అసలు రేటు ఎంత?' అని అడిగితే దుకాణం కుర్రవాడు మేనేజరు వైపు చూస్తాడు.

ఈ గొడవంతా నేను నేర్చుకోవడానికి కారణం మా అమ్మ. ఆమెకు ఎనభై దాటాయి. మాది హోసూరు, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సంతలో కన్నడం. నా మనవరాలు బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతుంది. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక తెలుగు పిల్లల చదువు ఏ దారి పట్టిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పాపకు తెలుగు చెవిన పడేది సాయంత్రం అమ్మ ఒళ్లో కూర్చుని పాత సినిమాలు చూసే ఆ గంటన్నరలోనే. 'అంటే ఏమి అవ్వా?' అని అది అడగడం, ఆమె సినిమా ఆపించి చెప్పడం. ఒక్క సినిమా నాలుగు రోజులు సాగేది.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి 55 అంగుళాల టీవీ తెచ్చి గోడకు బిగించాడు. అమ్మ రెండు రోజులు చూసి లేచిపోయింది. 'ఇది మాయాబజార్ కాదప్పా. మనుసులు గాజు మింద జారిపోతా ఉండారు. ఎదురింట్లో నాటకం ఆడే మాదిరి ఉండాది' అంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయినావిడ కనక, మళ్లీ పొర కమ్మిందేమోనని మావాడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఈ వయసుకు ఇంత చక్కటి చూపు అరుదన్నాడాయన. కానీ అమ్మ టీవీ ముందుకు రాలేదు, ఆమె లేక పాపా రాలేదు. నెల గడిచింది. ఖాతాదారు లెక్క సరిగ్గా ఉన్నప్పుడు మన పుస్తకాలు తెరిచి చూసుకోవడం మా వృత్తిధర్మం. రిమోటు తీసుకుని మెనూలోకి దిగాను.

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కొత్త టీవీలలో కదలికను నునుపు చేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, కంపెనీకో పేరు. రెండు అసలు బొమ్మల మధ్య ఏముండి ఉంటుందో యంత్రం ఊహించి, తానే కొత్త బొమ్మలు తయారుచేసి ఇరికిస్తుంది. 24 నుంచి 120కి పోవాలంటే ఒక్కో అసలు బొమ్మ వెనక నాలుగు కల్పిత బొమ్మలు! మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టింది ఒక వంతు, యంత్రం రాసిన దొంగ పద్దులు నాలుగు వంతులు. ఆ జారుడు నడక అక్కడినుంచి వచ్చింది. వీడియో కెమెరాతో తీసిన పాత టీవీ నాటకాలకు సెకనుకు 50 విడి క్షణాల నునుపు ఉండేది. మన కళ్లు ఆ నునుపును నాటకంతోనూ, ఆ 24ను సినిమాతోనూ ముడివేసుకున్నాయి. చిన్నప్పుడు టెంటు కింద నేల మీద కూర్చుని చూసిన మనిషికి ఆ తేడా తెలియడంలో ఆశ్చర్యమేముంది? 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ అంతటి హాలీవుడ్ నటుడు ఓ వీడియో విడుదల చేసి, దయచేసి ఇంట్లో ఈ ఏర్పాటు ఆపేయండని ప్రేక్షకులను వేడుకున్నాడు. అమ్మకు ఆయనెవరో తెలియదు.

ఇంజనీర్లనూ పూర్తిగా తప్పు పట్టలేం. ప్రొజెక్టరు వెలుగుకూ వెలుగుకూ మధ్య చీకటి ఉండేది; ఈ తెరలు తరవాతి బొమ్మ వచ్చేదాకా పాతదాన్ని అలాగే నిలిపి ఉంచుతాయి. కదిలేదాని వెంట మన చూపు పరిగెడితే అది అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. దానికి విరుగుడుగా పుట్టిందీ ఏర్పాటు. క్రికెట్ బంతికి కొంత మేలే చేస్తుంది. దాన్ని సినిమాకు కూడా అంటగట్టి, అడగకుండానే తెరిచి పంపడమే అన్యాయం.

దాన్ని ఆపాక మిగతావీ ఒక్కొక్కటే చూశాను. దుకాణంలో ట్యూబులైట్ల మధ్య పక్క టీవీని ఓడించడానికి పెట్టిన 'వివిడ్' అమరికతోనే టీవీ ఇంటికి వస్తుంది. అందులో తెలుపు నీలం తిరిగి ఉంటుంది. రంగుల సినిమాలో ఇది చప్పున దొరకదు, నలుపు-తెలుపులో దొరికిపోతుంది: పంచెలన్నీ నీలిమందు ఎక్కువైనట్టుంటాయి. తెలుపుకు ప్రమాణం 6500 కెల్విన్. రంగు ఉష్ణోగ్రతను 'వార్మ్'కు మారిస్తే దాని దగ్గరికి వస్తాం. రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, తరవాత కన్ను సర్దుకుంటుంది. 'షార్ప్‌నెస్' బాగా తగ్గించాను. అది కొత్త వివరమేమీ తేదు, అంచుల చుట్టూ తెల్లగీత గీస్తుందంతే. 'బ్రైట్‌నెస్' అన్నది చాలా టీవీలలో వెలుతురు కాదు, నలుపు ఎక్కడ మొదలవాలన్న హద్దు. నల్లటి జుట్టులో పాయలు కనిపించేదాకా పెంచి, నలుపు బూడిదయ్యే ముందు ఆగాలి. బార్ట్‌లే వెన్నెల అంతా ఆ హద్దు మీదే ఉంది. ఇవన్నీ ఒక్క మీటతో చేసే 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని 2019లో ప్రకటించారు. మీ టీవీలో ఉంటే నా అంత అవస్థ అక్కరలేదు.

చివరిది వెడల్పు. పాత సినిమా బొమ్మ దాదాపు 4:3, ఈ తెర 16:9. ఉన్నదున్నట్టు చూపితే అటూఇటూ కలిపి పావు వంతు తెర నల్లగా మిగులుతుంది. కట్టిన డబ్బులో పావు వంతు వృథా అని మావాడి బాధ. సాగదీస్తే ప్రతి ముఖమూ మూడో వంతు వెడల్పవుతుంది. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడికి ఆ సాయం అవసరం లేదు. సావిత్రికి అది అపచారం.

అంతమాత్రాన పాత టీవీలు సత్యహరిశ్చంద్రులని కాదు. మన దేశపు టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు గనక, 24 బొమ్మల సినిమాను ఆ 25కు తొందరపెట్టి చూపేవారు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోయేది, ఘంటసాల గొంతు కాస్త శ్రుతి పైకి లేచేది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకున్న మా తరం ఆ గొంతునే అసలనుకుంది.

మార్పులన్నీ అయ్యాక ఏమీ చెప్పకుండా 'లాహిరి లాహిరి' పెట్టాను. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు నిలబడింది. తరవాత కూర్చుంది. 'ఇప్పుడు పడవ నీళ్ల మింద పోతా ఉండాది' అంది.

క్రికెట్ రోజుల్లో మావాడు నునుపు తెరుస్తాడు, ఆట అయ్యాక నేను మూస్తాను. ఇప్పుడు ఇంట్లో తగవు వేరే. 2010 జనవరిలో రంగులద్ది విడుదల చేసిన మాయాబజార్ పాప కంటపడింది. దానికి అదే కావాలి. అమ్మ ససేమిరా అంటోంది. ఇద్దరూ వాదించుకునేది మాత్రం తెలుగులోనే.