పాత్రకు ఏం పేరు పెట్టాలి అబ్బూ?

మా పాప ఎనిమిదో తరగతి. ఎల్బీనగర్ దగ్గర ఒక ఇంగ్లీష్ మీడియం బడిలో చదువుతోంది. పోయిన నెల తెలుగు టీచర్ ప్రాజెక్ట్ ఇచ్చారు. సాహిత్య ప్రక్రియల గురించి చార్ట్ రాయాలి, ఏదో ఒక ప్రక్రియలో సొంతంగా ఒకటి రాసి తేవాలి. చార్ట్ పని గంటలో ఖతమ్. కథకు ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, ముగింపు. కవితకు భావం, లయ, పదచిత్రం. నాటకానికి సంభాషణ, రంగం, అభినయం. రంగు రంగుల స్కెచ్‌లతో డబ్బాలు గీసి అన్నీ నింపేసింది.

తర్వాత కథ తెచ్చి చూపించింది. రాము, సీత సంక్రాంతి సెలవులకు అమ్మమ్మ ఊరికి పోతారు. ముగ్గులు, అరిసెలు, గాలిపటాలు. అక్షరదోషాలు పెద్దగా లేవు.

"సంక్రాంతికి నువ్వెప్పుడు పోయినవ్ బేటా నానీ ఊరికి?"

"నై గయీ."

"మరి ఈ రాము ఎవరు?"

"తెలుగు కహానీ మే ఐసేచ్ నామాఁ రహతే నా అబ్బూ."

నా దగ్గర జవాబు లేదు. చాయ్ చల్లారిపోయేదాకా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నా. ఎందుకంటే డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను రాసిన మొదటి తెలుగు కథలో హీరో పేరు కూడా రామారావే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకుంటానంటే ఖాందాన్ అంతా నవ్వింది. క్లాసులోకి పోయి చూస్తే భయపడాల్సిందేమీ కనిపించలేదు. అఫ్సానా కథ అయింది, కిర్దార్ పాత్ర అయింది, ముకాల్మా సంభాషణ అయింది. దస్తర్‌ఖాన్ మీద వంటకాలు అవే, గిన్నెల పేర్లు వేరు.

మా ఉర్దూ ఉస్తాద్ ఇవన్నీ ఒకే ఒక్క కథతో చెప్పారు. ప్రేంచంద్ 'ఈద్‌గాహ్'. మనలో చాలామంది బడిలో చదివిందే. హామిద్ జేబులో మూడు పైసలు. దోస్తులంతా మేళాలో బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటే వాడు చిమ్టా కొంటాడు, తవా మీద రొట్టె తీసేటప్పుడు దాదీ వేళ్లు కాలుతున్నాయని. ఉస్తాద్ బల్ల మీద చాక్‌పీస్ పెట్టి అడిగేవారు, "ఇది చిమ్టా అనుకోండి. దీన్ని కథలోంచి తీసేస్తే ఏం మిగుల్తది?" ఏమీ మిగలదు. హామిద్ ఎలాంటి పిల్లాడో ఆ చిమ్టా చెప్తుంది, మేళాలో వాడి మనసులో జరిగిన లడాయి చెప్తుంది, దాదీ ముందు కోప్పడి తర్వాత ఎందుకు ఏడ్చిందో కూడా చెప్తుంది. ప్రేంచంద్ ముసల్మాన్ కాదు. కానీ ఆ ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని రాసినట్టు రాశాడు. కథ అడిగేది అంతే, ఆ ఇంట్లో ఏముందో తెలిసి ఉండాలి. నా రామారావు ఇంట్లో ఏముందో నాకు తెలియదు. అందుకే నా కథలో ఆయన ఎప్పుడూ కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతూనే ఉండేవాడు.

షాయరీ విషయంలో మాత్రం నాకు అంత ఇబ్బంది కలగలేదు. గజల్ చెవిలో పడి పెరిగినవాడికి పద్యం పరాయిది కాదు. కందంలోనూ వృత్తాల్లోనూ ప్రాస ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర కూర్చుంటుంది. గజల్లో కాఫియా, రదీఫ్ చివర్న కూర్చుంటాయి. ఒకటి ముక్కు పట్టుకుంటుంది, ఇంకొకటి తోక పట్టుకుంటుంది, అంతే ఫరక్. శతకంలో ప్రతి పద్యం చివర మకుటం తిరిగి వచ్చినట్టు గజల్లో రదీఫ్ తిరిగి వస్తుంది. శతకంలో పద్యం పద్యానికి సంబంధం అక్కర్లేదు, గజల్లో షేర్‌కి షేర్‌కి అక్కర్లేదు. మఖ్తాలో షాయర్ తన తఖల్లుస్ పెట్టుకుంటే, వేమన మకుటంలోనే తన పేరు పెట్టుకున్నాడు. ఈ రెండు ఇళ్ల మధ్య గోడ ఎంత పల్చనిదో తెలిసినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. దాశరథి గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చారు. తెలుగులో గజళ్లు రాసి, పాడి జనంలోకి తీసుకెళ్లిన సినారె చదువుకున్నది ఉర్దూ మీడియంలోనే. ఈ మాట చెప్పి మా ఖాందాన్ నోళ్లు మూయించాను.

ఇక నాటకం. ఇది చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

కాలేజ్ వార్షికోత్సవానికి ఒక నాటిక వేశారు. అందులో అత్తరు అమ్మే సాయిబు పాత్ర, స్టేజ్ మీద ఉండేది రెండు నిమిషాలు. సహజంగానే నాకు ఇచ్చారు. రిహార్సల్లో నాకొచ్చిన తెలుగులో డైలాగ్ చెప్పాను. నాటిక వేయిస్తున్నాయన ఆపి, "అట్ల మాట్లాడితే సాయిబు అని ఎట్ల తెలుస్తది?" అన్నారు. 'నువ్వు వచ్చింది, ఆమె పోయిండు' లాంటి మాటలు నేర్పించారు. నేర్చుకున్నాను. హాలంతా ఒకటే నవ్వు. స్టీల్ టిఫిన్ డబ్బా బహుమతి కూడా వచ్చింది.

దుకాణం బంద్ చేసుకుని అబ్బా చూడటానికి వచ్చారు. మూడో వరుసలో కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు ఏం మాట్లాడలేదు. దిగే ముందు అడిగారు, "క్యా రే, నేను అట్ల మాట్లాడ్తనా?"

అబ్బా నిజంగా అలాగే మాట్లాడేవారు, కొంచెం. అయినా ఆ తెలుగుతోనే నలభై ఏళ్లు దుకాణం నడిపారు, బాకీలు వసూలు చేశారు, పక్కింటాయన చనిపోతే ఆయన పిల్లలకు ధైర్యం చెప్పారు. అప్పుడెవరూ నవ్వలేదు. సంభాషణ పాత్ర స్వభావాన్ని తెలపాలి అని మా పాప చార్ట్ మీద రాసింది చూడండి, ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ బస్సు గుర్తొస్తుంది.

మన వాళ్లలో నాటకాలు రాసినవాళ్లు లేక కాదు. పిఠాపురం ఉమర్ ఆలీషా గారు (1885-1945) పద్యాలూ రాశారు, నాటకాలూ రాశారు. కానీ తర్వాత కాలంలో మన బతుకు తెలుగులోకి వచ్చిన క్రమం చూస్తే, ముందు వచ్చింది కవిత. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా'. షాజహానా 'నఖాబ్' ఆ తర్వాత. కవితకు 'నేను' అన్న ఒక్క మాట చాలు, గుండె మండితే చాలు. కథకు ఇల్లంతా కావాలి: గిన్నెలు, బాకీలు, పక్కింటివాళ్లు, అమ్మీ తిట్లు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'తో ఆ ఇంటి తలుపులు బార్లా తెరిచారు. నెల్లూరు తెలుగులో సాయిబుల పిల్లాడు మాట్లాడుతుంటే నవ్వొస్తుంది, ఆ ఇంట్లోనే పీట మీద కూర్చుని నవ్వుతాం. 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కార్. నాటకానికి ఇల్లు ఒక్కటే చాలదు. మన మాట పలికే ఇంకో నోరు కావాలి, ఎదురుగా కూర్చుని నవ్వకుండా వినే హాలు కావాలి. అందుకే మన వాకిట్లోకి అది అన్నిటికంటే ఆలస్యంగా వస్తోందని నా ఖయాల్. ఎవరైనా కాదంటే సంతోషిస్తాను.

పాపకు ఇదంతా చెప్పలేదు. 'దర్గామిట్ట కతలు' చేతికిచ్చాను. రెండు రోజులు సోఫాలో దొర్లుతూ చదివింది. మూడో రోజు రాము, సీతల కాగితం చించేసి కొత్తది మొదలుపెట్టింది. ఈసారి వాళ్ల నానీ కథ.

అసలు జరిగింది ఇది. నానీ నల్గొండ బస్సులో వచ్చి ఎల్బీనగర్లో దిగింది. నేనూ పాపా తీసుకురావడానికి పోయాం. మెట్రో ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. సంచి స్కానర్లో పెట్టమన్నారు. సంచిలో జుజ్‌దాన్‌లో చుట్టిన ఖురాన్ షరీఫ్ ఉంది. అందరి చెప్పుల సంచులూ పోయే బెల్ట్ మీద పెట్టనంది నానీ. సెక్యూరిటీ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, రూల్ రూలే కదా. వెనక లైన్ పెరుగుతోంది. నేను జేబులోంచి రుమాలు తీసి బెల్ట్ మీద పరిచాను, దాని మీద పెట్టాం. అటువైపు రాగానే నానీ తీసి కళ్లకద్దుకుంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

పాప రాసిన కథ బాగుంది. లైన్లో వెనకాయన వాచీ చూసుకోవడం రాసింది. నానీ బుర్ఖా కొంగు తడి చేతితో నలపడం రాసింది. నేను గమనించనే లేదు అది. కానీ ఒకచోట ఆగిపోయాను. కథలో రుమాలు తీసి పరిచింది సెక్యూరిటీ అమ్మాయి.

"రుమాలు నాది కదా బేటా?"

"హౌ. లేకిన్ ఆప్ బిఛాయే తో కహానీ నై బన్తీ." నేను పరిస్తే కథ కాదట!

"జరగనిది రాస్తే ఎట్ల?" ఇరవై ఏళ్లుగా పత్రికలో పనిచేస్తున్నవాణ్ణి, ఇంకేమంటాను?

"యే న్యూస్ నై హై అబ్బూ."

కాసేపు వాదించుకున్నాం. ఆ అమ్మాయి అలా చేయలేదు, చేసిందని రాయడం ఖుషామత్ అవుతుందన్నాను. చేసి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది, అందుకే రాశానంది. వాళ్ల అమ్మీ వంటింట్లోంచి బిడ్డ వైపే వోటేసింది. ఇప్పటికీ నేను ఒప్పుకోలేదు. రుమాలు మార్చలేదు తను.

రాత్రి ఇషా తర్వాత నానీకి చదివి వినిపించింది. నానీకి తెలుగు బాగా అర్థమవుతుంది, చదవడం రాదు. కళ్లు మూసుకుని మొత్తం విన్నది. రుమాలు దగ్గర నావైపు ఒకసారి చూసింది, అంతే. చివర్న అడిగింది, "మేరా నామ్ కహాఁ హై?"

నిజమే, కథంతా 'నానీ' అనే ఉంది. పాప పెన్ను తెచ్చి మొదటి వాక్యంలోనే పేరు ఇరికించింది. నానీ కాగితం తీసుకుని దీపం దగ్గరికి జరిగి, అందులో తన పేరు ఏదో వేలు పెట్టి చూపించమంది.