ముక్కాలి మీద చిన్న తల

ట్రైపాడ్‌ను ముక్కాలి అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ముక్కాలిపీటలు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే. దాని మీద కూర్చునే వీడియో హెడ్‌ను ఏమనాలన్నదే చిక్కు. తలకాయ అంటే నవ్వొస్తుంది, శిరస్సు అంటే పురాణం మొదలుపెట్టినట్టుంటుంది. ప్రస్తుతానికి తల అనే రాస్తున్నాను. మీకు ఇంతకంటే మంచి మాట తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

నాది అరచేతిలో ఇమిడే తల. దాని మీదకెక్కే కెమెరా కూడా లెన్సుతో కలిపి అరకిలోకు మించదు. ఫొటోలు తీసేవారు వాడే గుండ్రటి బాల్ హెడ్ కెమెరాను ఒకచోట బిగించి కదలకుండా ఉంచడానికి పుట్టింది. వీడియో తల కదలడానికి పుట్టింది. లోపల చిక్కటి ద్రవం పలుచని పొరలా ఉంటుంది. తొందరపడి తిప్పబోతే గట్టిగా ఎదురు తిరుగుతుంది, నిదానంగా తిప్పితే ఒప్పుకుంటుంది. చేతిలోని చిన్నచిన్న వణుకులు ఆ ద్రవంలోనే కరిగిపోతాయి.

ఈ ఏర్పాటు వెనక ఒక ముచ్చటైన కథ ఉంది. అమెరికాలో చాడ్వెల్ ఓకానర్ అనే ఇంజనీరుకు ఆవిరి రైళ్ళంటే పిచ్చి. కదిలిపోయే రైలును కుదుపు లేకుండా చిత్రించాలన్న కోరికతో, ద్రవంతో నడిచే తలను తనకోసం తానే తయారు చేసుకున్నాడు. అది వాల్ట్ డిస్నీ కంటబడి సినిమాలలోకి పోయింది. 1975 సంవత్సరపు ఆస్కార్ సాంకేతిక పురస్కారాలలో ఒకటి ఆయనకు దక్కింది. అంతకుముందే ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ ఇటువంటి పరికరానికి పేటెంటు పొందాడు. ఎవరు ముందన్న తగవు నాకక్కర లేదు గాని, రైలుపిచ్చి కథే నాకు ఎక్కువ ఇష్టం.

ఇక అసలు సంగతి. పోచంపల్లి ప్రాంతంలోని ఒక ఊళ్ళో మా పెద్దమ్మ ఉంటుంది. చిటికి చీరకు రంగులు అద్దడానికి ముందు పేక నూలును ఆసు పోయాలి. ఒక మేకు దగ్గర మొదలుపెట్టి, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని తిప్పి మళ్ళీ వెనక్కు తేవడం ఆ పని. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోతుందని లెక్క. రోజుకు రెండు చీరలైతే 18,000. తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని సాధించి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. పెద్దమ్మ ఇంట్లోనూ ఇప్పుడు యంత్రమే ఆసు పోస్తోంది. కానీ అది ఆ ఇంటికి వచ్చేసరికి ఆవిడ కుడిభుజం అరిగిపోయింది.

చేతితో ఆసు పోయడం పోయిందని నేనేమీ విలపించను. పోవలసిందే. అయితే పెద్దమ్మ మనవరాలికి యంత్రం చప్పుడు తప్ప ఆ చెయ్యి తెలియదు. చూపించమని ఆ పిల్లే అడిగింది. చెయ్యి పైకెత్తవద్దని వైద్యుడు చెప్పి ఉన్నాడు గనుక నేను వారించాను. "కొంచెం సేపే గదా, మళ్ల ఎవ్వరు చూపిస్తరు" అని పెద్దమ్మే అటక మీది పాత ఆసును దింపించింది. మళ్ళీ తీద్దామనడానికి వీలులేని చిత్రీకరణ అన్నమాట.

చిన్న కెమెరాతో వచ్చే చిక్కు దాని తేలికదనమే. బరువైన కెమెరా తన బరువుతోనే నిలకడగా కదులుతుంది. తేలికది మన నాడి కొట్టుకోవడాన్ని కూడా చూపిస్తుంది. పైగా నా తలలోని స్ప్రింగు ఇంకాస్త బరువును ఊహించి పెట్టినది. కెమెరాను కిందికి వంచి పిడి వదిలితే మెల్లగా పైకి లేస్తుంది. నూలు తూచే అరకిలో తూకంరాయిని గుడ్డలో చుట్టి, పొడవాటి ప్లేటు మీద కెమెరాను ముందుకు జరిపి, దాని వెనక కట్టాను. స్ప్రింగు శాంతించింది. నేల షాబాదు బండలది, ఎగుడుదిగుడు. పెద్ద ముక్కాళ్ళలో తలకింద గిన్నె ఉంటుంది, వదులు చేసి సరిచేసుకోవచ్చు. చిన్నవాటికి ఆ వైభవం లేదు. నీటిబుడగ మధ్యకు వచ్చేదాకా ఒక్కో కాలూ సవరించుకోవాలి. లేకుంటే కెమెరా పక్కకు తిరిగేకొద్దీ గోడ ఒరిగిపోతుంది.

ట్యూబులైటు మినుకు పడకుండా షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతుకు పెట్టాను. కెమెరాలో కుదుపు తగ్గించే ఏర్పాటును ఆపేశాను. మనం తిప్పుతుంటే అది కుదుపనుకుని వెనక్కు లాగుతుంది.

పెద్దమ్మ చెయ్యి ఒకసారి పోయి రావడానికి రెండు సెకన్లు. దాని వెంట కెమెరాను తిప్పితే సెకనుకు 25 చిత్రాల వీడియోలో అంతా అలుక్కుపోతుంది. ఒక వస్తువు తెరకు ఈ అంచునుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లయినా పట్టాలని చిత్రకారుల వాడుక. అందుకని చేతిని పోనిచ్చి, కెమెరాను నిలిపాను. తల చేయవలసింది ఒక్కటే కదలిక: మేకుల దగ్గర నుంచి ఆవిడ ముఖానికి. పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని, కదలిక ముగిసేచోట ఒళ్ళు సుఖంగా ఉండేలా ముందే నిలబడి, ఊపిరి వదులుతూ ఎత్తాను. పది సెకన్లు పట్టింది.

ముఖం తెరలోకి వచ్చాక గమనించాను, పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ఎవరూ అడగలేదు, ఆ నూలు ఏ చీరకూ పోదు. అయినా లెక్క తప్పలేదు. నూటపన్నెండు దగ్గర చెయ్యి దిగింది. నాలుగు నిమిషాలు. మనవరాలు వెళ్ళి భుజం పట్టుకుంది. నేను పిడి ముట్టుకోకుండా మరికొంతసేపు నడవనిచ్చాను.

పెద్దమ్మ కెమెరా వైపు చూసి, "గది అట్ల పైకి కిందికి తిరుగుతది గదా బిడ్డా, దాని భుజం నొయ్యదా?" అంది. లోపల ద్రవం ఉంటుందని చెప్పాను. "నూనెనా?" అంది. దాదాపు అంతే అన్నాను. "మాకు గది పొయ్యలే" అని లేచి చాయ్ పెట్టడానికి పోయింది.

ఆ మాట కూడా రికార్డయింది. కోసేయాలా వద్దా అని వారం ఆలోచించి ఉంచేశాను. మనవరాలు ఇప్పటికి చాలాసార్లు చూసిందట. నూటపన్నెండు దాకా తానూ లెక్కపెడుతుందట. అదే వీధిలో రంగులద్దే ఒక పెద్దాయన తన పని కూడా తీయమన్నారు. ఆవిర్లు కక్కే తొట్టి పక్కన నిలబెట్టాలి గనుక ముక్కాలి పాదాలకు రబ్బరు తొడుగులు కొనాలి. తూకంరాయి మాత్రం పెద్దమ్మ తిరిగి తీసుకుంది, నూలు తూచాలని.