పాత బాణీ, కొత్త ప్రాణం

స్వీడన్ బ్యాండ్ ద నైట్ ఫ్లైట్ ఆర్కెస్ట్రా 2017లో తెచ్చిన ‘ఆంబర్ గెలాక్టిక్’ను ఎనభైల నాటి రాక్‌కు నకలు అని తీసిపారేస్తే అన్యాయం. ఈ ఆల్బమ్ చేసిందెవరో చూడండి. గాయకుడు బ్యోర్న్ స్ట్రిడ్ సాయిల్‌వర్క్ అనే మెటల్ బ్యాండ్‌లో గర్జించే మనిషి. బేస్ వాయించే షార్లీ డి’ఆంజెలో మరో మెటల్ బ్యాండ్ ఆర్చ్ ఎనిమీ సభ్యుడు. గట్టిగా, వేగంగా వాయించి పేరు తెచ్చుకున్నవాళ్లు అదంతా పక్కనపెట్టి శ్రావ్యత వైపు వచ్చారు. చేతకాక పాతదాన్ని పట్టుకున్నవాళ్లు కాదు, చేతనయ్యీ దాన్ని కోరుకున్నవాళ్లు. ఇందులోని ‘జెమిని’ పాట వినండి: కింద కాలు కదిపించే డ్యాన్స్ తాళం, దానిమీద సింథసైజర్ తెర, పైన మనమూ గొంతు కలపాలనిపించే పల్లవి.

ఆ కాలపు బ్యాండ్‌లు జర్నీ, టోటో, ఫారినర్ ఉండగా వీళ్లెందుకు అంటారు. కల్యాణిలో ఎన్నో కృతులున్నాయని కొత్తగా కట్టేవాడిని ఆపుతామా? రాగం పాతదే, కట్టడంలో ఉంటుంది విద్య. ఒక్క మాట ఒప్పుకోవాలి: సాహిత్యం రాత్రులూ, ప్రయాణాలూ, ‘జోసఫీన్’, ‘జెన్నీ’ లాంటి ఆడపేర్ల చుట్టూనే తిరుగుతుంది. అది నిజంగా లోటే. కానీ బాణీలో ఆ బీదతనం లేదు. ప్రతి పాటకూ తనదైన మలుపు ఉంది, గిటార్ సోలోలను సైతం కూనిరాగంగా తీయవచ్చు.

స్ట్రిడ్‌తో కలిసి ఈ బ్యాండ్‌ను మొదలుపెట్టిన గిటారిస్ట్ డేవిడ్ ఆండర్సన్ 2022లో చనిపోయారు. ఆయన కోసమైనా ‘మిడ్‌నైట్ ఫ్లయర్’ పాటతో మొదలుపెట్టి, ఈ ఆల్బమ్‌ను మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి.