కొట్టివేత కనపడాలి

మొన్న శనివారం బెంగళూరు నుంచి ధర్మవరం రైలెక్కా. అక్కడ మా మామది పట్టుచీరల వ్యాపారం. నేతగాళ్ళకి పట్టు, జరీ ఇస్తారు, చీర నేసి తెచ్చాక కూలి కడతారు. ఆయన చిట్టా పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తానని ఆమధ్య నోరు జారా. ఇంకేముంది, రైల్లోనే డేటాబేస్ డిజైన్ మొదలు!

కొత్తగా కనిపెట్టేదేముంది, గ్నూక్యాష్ ఉందిగా చూసి రాయడానికి అనుకున్నా. అది లెక్కల్ని ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లో పెడుతుంది. 2010 చివర్లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో కూడా దాచుకోవచ్చు. దాని టేబుళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక లావాదేవీ కింద రెండో మూడో పద్దులు, వాటి విలువలు కూడితే సున్నా రావాలి. డబ్బుని ఫ్లోట్‌లో పెట్టరు.. అందులో 0.1, 0.2 కూడితే సరిగ్గా 0.3 రాదు మరి. లవం, హారం అని రెండు పూర్ణాంకాలుగా పెడతారు. పైగా ప్రతి పద్దులో విలువ వేరు, పరిమాణం వేరు. అంటే పట్టుని కిలోల్లోనూ, రూపాయల్లోనూ ఒకే పద్దులో రాసుకోవచ్చు. హిందూపురం దాటేసరికి ఇదంతా దించేశా. పెనుకొండ కొండ కనపడేసరికి పనైపోయిందని లాప్‌టాప్ మూసేశా.

ధర్మవరంలో మామ అంతా విని, "బాగుంది గానీ అల్లుడూ, పోయిన నెల రాసింది ఇప్పుడు మార్చొచ్చునా?" అన్నారు.

"ఒక్క అప్‌డేట్ చాలు మామా" అన్నా గర్వంగా.

ఆయన పుస్తకం తెరిచారు. ఒకచోట 5000 కొట్టేసి పక్కన 3000, దాని కింద నేతగాడి సంతకం.

"ఈడ గీత కనపడతాది. నీ దాంట్లో నేను మారిస్తే ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. రైల్లో నేను ఆలోచించిందంతా లెక్క రాసేవాళ్ళ సౌకర్యం గురించే. బాకీ ఉన్న మనిషి గుర్తుకే రాలేదు.

తిరుగు రైల్లో పద్దుల టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ రెండూ పడకుండా ట్రిగ్గర్లు రాశా. తప్పు దిద్దాలంటే పాతదానికి ఎదురు పద్దు వేసి, ఆ కింద కొత్తది రాయాల్సిందే. కానీ ఫైలే మామ చేతిలో ఉన్నప్పుడు ట్రిగ్గర్ తీసేయించడం ఎంతసేపు? అందుకే పద్దు పడ్డప్పుడల్లా నేతగాడికి ఒక చీటీ ప్రింటయ్యేలా పెట్టా. ఆ కాపీని దిద్దడం నా వల్లా కాదు, మామ వల్లా కాదు.

మామ మాత్రం పుస్తకం మానలేదు. మానమని నేనూ అనలేదు.