నానమ్మ అడిగిన మందు

మా నానమ్మకు డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులతో రాత్రి నిద్రుండదు. మొన్న ఫోన్‌లో, ఎవరైనా వింటరేమోనని గొంతు తగ్గించి అడిగింది: "గంజాయి నూనె చుక్కలు తాగితే నొప్పులు తగ్గుతయట, నిజమేనా బిడ్డా?"

మా హాస్టల్ పిల్లలకు గంజాయి అంటే పోలీస్ కేసు. ఆయుర్వేదంలో ఆ మొక్క పేరు విజయ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూత కొమ్మలనే గంజాయి అంటుంది. విడిగా ఉన్న ఆకును, గింజను అందులో కలపలేదు. అందుకే ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు లైసెన్స్‌తో అమ్ముతారు.

అలాగని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టలేను. ఈ మందులతో ముసలివాళ్లకు తల తిరిగి పడిపోయే ప్రమాదముంది. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లకైతే ఇంకా జాగ్రత్త కావాలి.

శనివారం వరంగల్‌లో డాక్టర్‌కు చూపిస్తున్నా, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని. నానమ్మకు కావాల్సింది ఒక్క రాత్రి నిద్ర. అది అడగడానికి సిగ్గెందుకు?