యుద్ధవిమానముల కొనుగోలు – ఆలస్యపు వెల

స్త్రీలు చదువుకొను పత్రికలో యుద్ధవిమానముల ప్రసంగ మెందులకని కొంద రనుకొనవచ్చును. వానికై వెచ్చించు ధనము మన యిండ్లనుండి పోవుచున్నది. వాని నెక్కు బిడ్డలును మన యిండ్లనుండియే పోవుచున్నారు. ఈ రెండు కారణములు చాలునని మేము తలంచుచున్నాము.

2025 సెప్టెంబరు 25వ తేదీన కేంద్రప్రభుత్వము హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థతో 97 తేజస్ విమానములకు ఒడంబడిక చేసికొనెను. పన్నులు గాక వెల 62,370 కోట్ల రూపాయలకు పైమాట. మరునాడే చండీగఢ్‌లో మిగ్-21 విమానములకు వీడ్కోలు జరిగెను. మా తిరువూరిలో ఈ వార్తలు చదివి వినిపించినప్పుడు ఇరుగుపొరుగువారు ముక్కుపై వ్రేలు వేసికొనిరి. ఆ సొమ్ముతో నెన్ని బడులు కట్టవచ్చునో యని యొకరు నిట్టూర్చిరి. సరిహద్దున శత్రువు నిలిచియుండగా లెక్కలు చూతురా యని వేరొకరు కోపించిరి. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. మా దృష్టి మాత్రము వెలపై గాక గడువుపై నిలిచినది. ఆ విమానములు 2027-28లో మొదలై ఆరు సంవత్సరములలో అందవలెనట.

మేము గడువు లెక్కించుటకు మా యింటనే యొక కారణమున్నది. మా చెల్లెలి కుమార్తెకు పదునాలుగేండ్లు. వైమానికదళమున చేరెదనని పట్టుపట్టినది. జాతీయ రక్షణ అకాడెమీ ప్రవేశపరీక్షను బాలికలును వ్రాయవచ్చునని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2022లో మొదటి బాలికలు చేరిరి. మా పిల్ల ఇంటరు ముగించి, అకాడెమీలో మూడేండ్లు చదివి, పిమ్మట విమానము నడుపుట నేర్చుకొనుసరికి 2033 రావచ్చును. ఈ ఒడంబడికలోని కడపటి విమానము లందవలసిన కాలమును అదియే. "అక్కా, సంతకము పెట్టమందువా, వద్దందువా?" యని చెల్లెలు మమ్మడుగుచున్నది. బిడ్డ ధైర్యమును తల్లి యెరుగును. బిడ్డ యెక్కబోవు యంత్రమును గూర్చి మాత్ర మామె యెవరి నడుగవలెను?

హైదరాబాదు చేరువనున్న దుండిగల్లులో వైమానికదళ అకాడెమీ కలదు. దేశపు మొదటి యుద్ధవిమాన చోదకురాండ్రగు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న అక్కడనే అధికారిణు లైరి. ఆ మైదానమున విద్యార్థులకు తొలిపాఠములు చెప్పుటకు చిరకాలము హెచ్.పి.టి.-32 అను చిన్నవిమానము నుపయోగించిరి. గాలిలోనుండగా దాని ఇంజను ఆగిపోవుట కలదు. 17 ప్రమాదములలో 19 మంది చోదకులు మరణించిరి. 2009 జూలైలో మెదకు జిల్లాలో నిద్దరు శిక్షకులు మరణించిన తరువాతనే దానిని పూర్తిగా నిలిపివేసిరి. అటుపిమ్మట స్విట్జర్లాండు దేశపు పిలాటస్ విమానములను 75 కొనుటకు 2012 మేలో ఒడంబడిక యయ్యెను. 2013 ఫిబ్రవరికే మొదటివి దుండిగల్లు చేరినవి. ఒడంబడిక యైన పిదప తొమ్మిది నెలలు! అంత శీఘ్రముగా తేగలవారు పందొమ్మిది ప్రాణములు పోవువరకు ఏల యాగిరి? ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యన్న నిదియే.

ఇంతకంటె దుఃఖకరమైన చరిత్ర మరియొకటి కలదు. నెమ్మదిగా నడచు కిరణ్ విమానముపై నేర్చిన యువకుని నేరుగ మిగ్-21పై కూర్చుండబెట్టెడివారు. ఆ మిగ్ నేలకు దిగునప్పుడే గంటకు మూడువందల కిలోమీటర్లకు మించిన వేగముతో దిగును. ఎడ్లబండి తోలినవానికి రైలింజను నప్పగించినట్లు! నడుమ నొక మెట్టుగా మేలైన శిక్షణవిమానము కావలెనని 1982లోనే లాఫాంటేన్ అధ్యక్షతనున్న సంఘము సిఫారసు చేసినది. బ్రిటను దేశపు హాక్ విమానములను 66 కొనుటకు ఒడంబడిక 2004లో జరిగినది. అవి బీదరు చేరి విద్యార్థుల నెక్కించుకొనుట 2008 నాటి మాట. నడుమ నిరువదియారేండ్లు గడచినవి.

ఆ నడిమికాలముననే, 2001 సెప్టెంబరులో, రాజస్థానమునందు అభిజిత్ గాడ్గిల్ అను యువ చోదకుడు మిగ్-21 కూలి మరణించెను. దోషము కుమారునిదే యన్న మాటను తల్లి కవితా గాడ్గిల్ అంగీకరింపలేదు. ఏండ్లతరబడి ప్రశ్నించినది, వాదించినది. అంతటితో ఆగక, దంపతులిద్దరును కుమారుని జ్ఞాపకార్థము యువతీయువకులకు విమానవిద్య గరపు సంస్థను స్థాపించిరి. శోకమును గుండెలో దాచుకొని కూర్చుండుటయే స్త్రీకి తగునను వారికి ఆమె చరిత్రను వినిపింపవలయును. 872 మిగ్ జాతి విమానములలో 482 ప్రమాదములపాలైనవనియు, 171 మంది చోదకులు మరణించిరనియు 2012లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటునకు తెలిపిరి. నేలపైనున్న సామాన్యజనులు 39 మందియు ఆ లెక్కలో కలరు. ఇవన్నియు ఆలస్యమువలననే జరిగినవని మే మనము. యంత్రదోషములు, పక్షులు, మానవుల పొరపాటులును కలవు. కాని కాలముతీరిన యంత్రమును వదలుటకు చేతిలో మరియొకటి లేకపోవుట మాత్రము కొనుగోలు చేయువారి లోపమే.

ఆలస్య మెట్లు పుట్టును? ముందుగా దళమువారు కావలెనందురు. ఆవశ్యకత నిజమని రక్షణశాఖ యొప్పుకొనవలెను. పిదప కంపెనీలనుండి ధరపత్రములు, ఎడారిలోను మంచుకొండలలోను పరీక్షలు, బేరము, కడకు మంత్రివర్గసంఘపు అనుమతి. ప్రజాధనమునకు కాపలా గనుక ఈ మెట్లు వద్దని యెవరు నన జాలరు. 126 విమానములకై 2007లో ధరపత్రములను కోరిరి. 2012లో రఫేలును ఎన్నుకొనిరి. 2015లో ఆ యత్నమును విడిచిరి. 2016లో 36 మాత్రము నేరుగ ఫ్రాన్సునుండి కొనిరి. మొదటి యైదు విమానములు అంబాలాలో వాలినది 2020 జూలై 29న. ముహూర్తము పెట్టుకొని నగ చేయించుటకు ఇచ్చినవారము, పెండ్లినాటికి నగ రాకున్న నూరకుందుమా?

పూర్వము పద్ధతి వేరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము ప్రభువు బ్రిటిషు వైమానికదళపు 110వ పటాలమునకు విమానములు కానుక నిచ్చుటచే దానికి హైదరాబాదు పేరు వచ్చినది. రెండవ యుద్ధమున 234వ, 264వ పటాలములు మద్రాసు రాజధాని పేరు దాల్చెను. ఐదువేల పౌనులు చందా పోగుచేసి యిచ్చినచో నొక స్పిట్‌ఫైరుపై దాతల పేరు వ్రాసెడివారు. పరాయివారి యుద్ధమునకైనను ఇచ్చినవారికి పేరైన కనబడెడిది. నేడు పప్పుడబ్బాపై కట్టు పన్నుకూడ ఆ ఖజానాకే చేరును. మన పేరు వ్రాయనక్కరలేదు గాని, సమయమునకు వచ్చినదా యని యడుగు హక్కు మనకు లేదా?

ఆవశ్యకత విషయమున మాకు సంశయము లేదు. వైమానికదళమునకు మంజూరైన యుద్ధవిమాన పటాలములు 42. మిగ్-21లు వెడలిన తరువాత మిగిలినవి 29. పొరుగున చైనా రాడారు కంటికి సులభముగ చిక్కని జె-20 విమానములను తానే చేసికొనుచున్నది. పాకిస్తాను 2022లో చైనానుండి జె-10లను తెచ్చుకొన్నది. మనమును చేసికొనవలయునని తేజస్‌ను మొదలిడితిమి. 2001 జనవరి 4న మొదట నెగిరిన యా విమానము పటాలమున చేరినది 2016లో. 2021లో 83 తేజస్‌లకు ఇచ్చిన యాజ్ఞలో మొదటిది 2024 మార్చికి రావలసియుండగా గడువు తప్పినది. ఇంజను అమెరికానుండి రావలెను. ఆ యింజనులలో మొదటిది పంపినది 2025 మార్చిలో. ఒల్లంతయు మనదే యైనను గుండె పరదేశమునుండి వచ్చువరకు నెగురుట లేదన్నమాట.

సంతోషింపదగిన సంగతులు లేకపోలేదు. హైదరాబాదు చెంత ఆదిభట్లలో అపాచీ హెలికాప్టరుల దేహములు చేసి 2018 నుండి పంపుచున్నారు. తేజస్ మధ్యభాగ మొకటి హైదరాబాదులోని వెమ్ సంస్థయందు తయారై 2025 మేలో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి కందినది. రఫేలు దేహభాగములను హైదరాబాదులోనే చేయుటకు 2025 జూన్‌లో ఒప్పందమైనది. తెలుగు పిల్లలు నడుపు విమానములను తెలుగు పిల్లలే బిగించు దినము వచ్చినదని మేము పొంగితిమి.

చెల్లెలికి మే మిచ్చిన జవాబు సంతకము పెట్టుమనియే. పెట్టి యూరకుండక లోక్‌సభ సభ్యునికి జాబు వ్రాయుమంటిమి. మేమును చేవ్రాలు చేసితిమి. అందు యుద్ధవిమానముల ముచ్చట లేదు. తొలిపాఠములకై మన దేశమున తయారగు హెచ్.టి.టి.-40 విమానములు 70 కావలెనని 2023 మార్చిలో ఒడంబడిక చేసికొనిరి. దానికిని ఇంజను పరదేశమునుండియే రావలెను. ఏ సంవత్సరమున నెన్ని దుండిగల్లు చేరవలసియున్నవి, ఎన్ని చేరినవి యను రెండు ప్రశ్నలే వ్రాసితిమి.